ఔట్‌డోర్ ఎక్కడ పెట్టాలి?

“ఔట్‌డోర్ ఏడ పెట్టమంటరు మేడమ్?”

రెండేళ్ళ కిందట ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మా ఇంటికి ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. టీవీ ఏ గోడకి తగిలించాలి లాంటిదే కదా అనుకున్నాను అప్పుడు. అమ్మ రాజమండ్రి ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసి నెలైంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, బీపీ. రాత్రిళ్ళు నిద్రపట్టక తడిగుడ్డ మెడ మీద వేసుకుని హాల్లో కూర్చునేది. “భూమి వేడెక్కిపోతోంటే ఏసీలేంటి” అని పదేళ్ళు వాదించిన నేను ఒక్క వారంలో మనసు మార్చుకున్నాను.

కుర్రాడు మూడు చోట్లు చూపించాడు. బాల్కనీలో పెడితే బట్టలారేసుకునే చోటు పోతుంది, వేడిగాలి మాకే కొడుతుంది. టెర్రస్ మీద పెట్టాలంటే, మాది మూడో అంతస్తు కాబట్టి కాపర్ పైపు చాలా పడుతుంది. దానికి అడుగుల లెక్కన డబ్బులు, పైగా సెక్రటరీ గారి పర్మిషన్. మిగిలింది పక్క గోడ. “అందరియి ఈడనే ఉన్నయి” అన్నాడు. తల బయటికి పెట్టి చూస్తే నిజమే. కింద నుంచి పై దాకా పదకొండు తెల్లడబ్బాలు, ఒకే వైపుకి మొహం పెట్టి ఉన్నాయి. మాది పన్నెండోది.

అవన్నీ మొహం పెట్టిన వైపు, గోడకి ఆరడుగుల దూరంలో రెండు రేకుల గదులున్నాయి. ఒకదాంట్లో మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క ఉంటుంది. మా బట్టలూ ఆమే చేస్తుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ మధ్యాహ్నం గుర్తు రాలేదు, అంతే. ఇలాంటి తప్పులు చాలామటుకు దుర్మార్గం వల్ల జరగవు. గుర్తు రాకపోవడం వల్ల జరుగుతాయి.

మే నెలలో ఒకరోజు బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు “ఈసారి ఎండలు ఘోరంగా ఉన్నాయక్కా” అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. ఆమె పెట్టెలో బొగ్గులు కదుపుతూ తలెత్తకుండానే అంది: “పొద్దంత బొగ్గులు, రాత్రంత మీ మిషిన్లు. మాకు ఎండకాలమంటే రెండు పూటల మేడమ్.”

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట అలా ఉండిపోయింది.

*

ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు. ఈ ఒక్క సంగతి బడిలో సరిగ్గా చెప్పి ఉంటే మన ఊళ్ళు వేరేలా ఉండేవేమో అనిపిస్తుంది. బోరు మోటారు నీళ్ళు తోడినట్టు అది వేడిని తోడుతుంది. గదిలోది తీసి బయట పోస్తుంది. ఒకటిన్నర టన్ను అంటుంటాం కదా, ఆ టన్ను మంచుగడ్డల కాలం నాటి మాట. ఒక టన్ను మంచు ఒక రోజులో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత అని. ఇప్పటి లెక్కలో మూడున్నర కిలోవాట్లు. మా ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తిగా నడుస్తున్నప్పుడు ఐదు కిలోవాట్ల పైచిలుకు వేడిని గదిలోంచి బయటికి నెడుతుంది. ఆ తోడే పనికి ఖర్చయ్యే కిలోవాటున్నర కరెంటు కూడా చివరికి వేడై అందులోనే కలుస్తుంది. మొత్తం మీద మూడు గీజర్లు ఆన్ చేసి ఆ అక్క కిటికీకి ఎదురుగా పెట్టినట్టు. అలాంటివి పన్నెండు.

మరి ఏసీ పాపమా? ఈ ప్రశ్నకి “అవును” అనేవాళ్ళలో చాలామంది ఏసీ గదుల్లోంచే అంటారు. నేనలా అనలేను. 2015 మే నెల వడగాడ్పులకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఎండలో పనిచేసే కూలీలు. చల్లటి గది ప్రాణం నిలబెట్టే సందర్భాలుంటాయి. అమ్మ ఆ రాత్రి ఏసీ కింద కళ్ళు మూసుకుని నిద్రపోతుంటే నాకు కలిగిన నిశ్చింత అబద్ధం కాదు, దానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు.

నన్ను తొలిచేది వేరే. మా అమ్మకి చల్లదనం హక్కే అయితే, అది ఆరడుగుల దూరంలో ఆగిపోయే హక్కు ఎలా అయింది?

జాన్ రాల్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1971లో న్యాయం గురించి రాసిన పుస్తకంలో ఒక ఊహ చేశాడు. సమాజపు నియమాలు రాసేవాళ్ళకి ఆ సమాజంలో తాము ఏ చోట ఉండబోతున్నారో తెలియకూడదట. ధనికులవుతారో పేదవాళ్ళవుతారో తెలియనప్పుడే నియమాలు న్యాయంగా రాస్తారని. దాన్ని మా బిల్డింగ్‌కి తెచ్చుకుంటే చాలా తేలిక. మూడో అంతస్తులో పడుకుంటావో, రేకుల గదిలో పడుకుంటావో తెలియకుండా ప్లాన్ గీయమంటే ఔట్‌డోర్ ఎక్కడ గీస్తావు? పక్క గోడ మీద అయితే గీయవు. అసలు ఆ గోడకీ రేకులకీ మధ్య ఆరడుగులే ఉంచవు.

*

ఆ తరవాత నాకొక చాదస్తం పట్టుకుంది. వేడిని తగ్గించే కొత్త డిజైన్ గురించి ఎక్కడ చదివినా, మెచ్చుకునే ముందు దాని ఔట్‌డోర్ ఎక్కడుందని వెతుకుతాను.

ఎలక్ట్రిక్ కారు ఉంది. పొగ లేదు, చప్పుడు లేదు. పెట్రోలు కారుతో పోలిస్తే సిటీకి మేలే, కూడలిలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి మరీ మేలు. కానీ ఇక్కడి కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. అంటే మన కారు ఔట్‌డోర్ రామగుండంలో ఉంది. వేసవిలో అసలే మండిపోయే ఆ బొగ్గు ఊళ్ళల్లో, ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన ఉంది. ఇక రోడ్డు మీద అది ఆక్రమించే చోటు మామూలు కారు ఆక్రమించినంతే. ఆ చోటు కోసం పోసిన తారు వేడి అంతే.

అద్దాల టవర్లున్నాయి. లోపల చల్లగానే ఉంటాయి. అద్దం మీద పడ్డ ఎండ పక్కనున్న ఫుట్‌పాత్ మీదికి మళ్ళుతుంది. డెలివరీ కుర్రాళ్ళు బైకుల మీద కూర్చుని తరవాతి ఆర్డర్ కోసం ఎదురుచూసేది అక్కడే.

ఏసీలో ఉండే గ్యాసు సంగతీ అంతే. ఇప్పుడు చాలా ఏసీల్లో వాడే ఆర్-32 అనే గ్యాసు గాలిలో కలిస్తే, వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇలాంటి వాయువులని తగ్గించుకుంటూ పోవాలని దేశాలన్నీ 2016లో కిగాలీలో ఒప్పందం చేసుకున్నాయి. ఈ ఔట్‌డోర్ ఇంకో ఇంటి వైపు లేదు, ఇంకా పుట్టనివాళ్ళ గది వైపు తిరిగి ఉంది.

ఇంకొకటి మా ఊరిదే. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన అంతా సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. ఒకే కప్పు నీడా ఇస్తుంది, కరెంటూ ఇస్తుంది. దీనికి వంక పెట్టడం కష్టం. నేను వెళ్ళిన ఆదివారం పొద్దున చల్లగా, హాయిగా ఉంది. చాలామంది కార్లలో వచ్చి, అక్కడ సైకిలెక్కి, ఒక చుట్టు తొక్కి, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోతున్నారు. నేనూ అంతే. తిరిగొస్తుంటే బస్టాప్ కనిపించింది. షెల్టర్ లేదు. ఒక స్తంభం, దాని సన్నటి నీడ. ఆ నీడలో ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళు. ఎండ జరిగే కొద్దీ ఆ వరస కూడా జరుగుతుంది కాబోలు.

2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం. భూతాపం లెక్కలో చూసినా అది గొప్ప పనే. యాభై మందిని ఒక బండిలో తీసుకెళ్ళడం కంటే పెద్ద ఆవిష్కరణ రవాణాలో ఇప్పటికీ రాలేదు. కానీ టికెట్టు లేదు గానీ నిరీక్షణ ఉంది, దాన్ని ఒంటితో చెల్లించాలి. సైకిల్ ట్రాక్ తప్పని అనను. 23 కిలోమీటర్ల కప్పు వెయ్యగలిగిన ఊరికి నీడ వెయ్యడం చేతకాదని ఇక ఎవరూ అనలేరు. కాబట్టి ప్రశ్న చేతనవడం గురించి కాదు. ముందు ఎవరికి అన్నదాని గురించి.

“బాగా చదువుకో, నీడపట్టున కూర్చుని బతకొచ్చు” అని నాన్న అనేవాడు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. అందులో ప్రేమ ఉంది. దాని వెనకే, చదువుకోనివాడికి ఎండ న్యాయమే అనే ఒప్పుకోలు కూడా ఉంది. నీడని మనం ఎప్పుడో జీతంలో కలిపేశాం.

*

అన్ని డిజైన్లూ ఇలాంటివే కాదు. ఎవరి మీదికీ వేడి నెట్టనివి కొన్నున్నాయి. చాలా పాతవి, చాలా మామూలువి. పైకప్పుకి తెల్లటి పూత వేస్తే పడ్డ ఎండలో చాలా భాగం వచ్చిన దారినే ఆకాశంలోకి పోతుంది. దాని ఔట్‌డోర్ నిజంగానే ఆకాశం. చెట్టు అయితే వేడిని నీటి ఆవిరిగా మార్చేసి, కింద నీడ మిగులుస్తుంది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుని ఇలా మార్చాలని, అందులో 200 హైదరాబాద్‌లోనేనని లక్ష్యం. చదివి సంబరపడ్డాను. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకి ఇది తప్పనిసరి. ఇళ్ళయితే 600 గజాలు, ఆ పైన స్థలం ఉన్నవాటికి తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్ళకి ఐచ్ఛికం. పేదల మీద ఖర్చు రుద్దకూడదన్నది మంచి ఉద్దేశమే. కానీ రేకు కింద పడుకునేవాళ్ళెవరూ 600 గజాల్లో ఉండరు. ఎవరికి అందరికంటే ఎక్కువ కావాలో వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చల్లదనం “మీ ఇష్టం” అయిపోయింది.

ఆ ఉత్సాహంలో ఇస్త్రీ అక్కతో అన్నాను, రేకుల మీద తెల్లరంగు వేయిస్తే లోపల కొన్ని డిగ్రీలు తగ్గుతుందట, మా బిల్డింగ్‌వాళ్ళం తలా కొంత వేసుకుంటామని. నా మంచితనానికి నేనే మురిసిపోతున్న క్షణం అది. ఆమె కాసేపు ఆలోచించింది.

“వద్దు మేడమ్. రూమ్ మంచిగైతే ఓనరు కిరాయి పెంచుతడు.”

నాకు తెలిసిన చలువ సున్నాల్లో దేనికీ ఈ వాక్యాన్ని తిప్పికొట్టే శక్తి లేదు. డిజైన్ ఎంత తెలివైనదైనా అది ఎవరో ఒకరి ఆస్తి మీదే నిలబడుతుంది. చల్లదనం కిరాయిగా మారకుండా ఆపేది రంగు కాదు, చట్టం. దాని పక్కన నిలబడే మనుషులు.

అశోకుడు బాటల పక్కన చెట్లు నాటించాడని రాసి మార్కులు తెచ్చుకోని వాళ్ళు మనలో లేరు. ఆ వాక్యం మీద ఎన్ని జోకులేసుకున్నామో! ఈ మధ్య అసలు శాసనంలో ఏముందో చదివాను. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న స్తంభం మీది ఏడో శాసనం. పశువులకీ మనుషులకీ నీడ కోసం మర్రిచెట్లు నాటించానంటాడు, బావులు తవ్వించానంటాడు. మనం బడిలో చదవనిది ఆ తరవాతది. ఇది చిన్న మేలే, నాకు ముందు రాజులూ చేశారు, జనం ధర్మంగా నడుచుకోవాలనే నేనిది చేశానంటాడు. నీడ గొప్ప ఆవిష్కరణ కాదని ఆయనకి తెలుసు. పశువుని కూడా లెక్కలోకి తీసుకోవడం, దారినపోయేవాడు ఎవరని అడక్కపోవడం, అసలు సంగతి అదీ. మన ఊళ్ళల్లో చలివేంద్రం పెట్టేవాళ్ళూ నీళ్ళు పోసే ముందు ఎవరివని అడగరు.

చేవెళ్ళ దారిలో వందల కొద్దీ ముసలి మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి అవి అడ్డమన్నారు. వాటిని కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు. ఏసీ కారులో పోయేవాడికి ఆ చెట్లు అడ్డమే. బస్సు కోసం నిలబడినవాడికి అదే బస్టాప్. ఒక చెట్టు అడ్డమా, నీడా అన్నది మనం ఏ బండిలో ఉన్నామన్నదాన్ని బట్టి మారిపోతోందంటే, తేలాల్సింది ఇంజనీరింగ్ లెక్క ఒక్కటే కాదు.

*

ఈ ఫిబ్రవరిలో మా ఔట్‌డోర్‌ని టెర్రస్ మీదికి మార్పించాను. పైపుకీ, గ్యాసుకీ కలిపి తొమ్మిది వేల చిల్లర అయింది. సెక్రటరీ గారిని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. “మీరొక్కరు మారిస్తే ఏమవుతుందమ్మా?” అని అడిగారాయన. దానికి నా దగ్గర మంచి సమాధానం లేదు. పైకి మార్చినా వేడి ఈ ఊళ్ళోనే ఉంటుంది. కాకపోతే ఒక మనిషి మొహం మీద కొట్టదు. 24 దగ్గర ఉండే ఏసీని 27కి పెంచి ఫ్యాను వేశాం. అమ్మ కొన్నాళ్ళు సణిగింది, తరవాత దుప్పటి మానేసింది.

మొన్న బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు అక్కకి చెప్పాను, మాది పైకి మార్పించామని. మెచ్చుకుంటుందేమో అని లోపల చిన్న ఆశ ఉన్నమాట నిజం.

ఆమె చొక్కా కాలరు మీద పెట్టె ఆపి, మా గోడ వైపు ఒకసారి చూసింది.

“మీదొక్కటి పోయింది” అంది. “ఇంక పదకొండున్నయి మేడమ్.”

సెక్రటరీ గారి ప్రశ్నకి జవాబు కూడా అదే అనుకుంటాను. వచ్చే ఆదివారం బిల్డింగ్ మీటింగ్ ఉంది.