ముద్రయు సత్యమును

ఖరగ్‌పూరు పట్టణమున ఐ.ఐ.టి. ప్రాంగణమునకు పొరుగున ప్రేమ్ బజార్ అను పేట కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునందే తెలుగునాటినుండి, విశేషించి ఉత్తరాంధ్రమునుండి, శ్రామికులు ఆ పట్టణమునకు వలసవచ్చి కార్ఖానాలో పనికి కుదిరిరి. వారి సంతతివారు నేటికిని అచట తెలుగు మాటాడుచున్నారు. ఇట్టి కార్ఖానా ఊరిలో ఒక ప్రశ్న సహజముగా పుట్టును: విప్పి, భాగములు మార్చి, తిరిగి బిగించిన యంత్రము మునుపటి యంత్రమే యగునా?

ఆవిరి యింజనుల కాలమున రైల్వే కార్ఖానాలలో భాగముల మార్పిడి నిత్యకృత్యము. ఒకదాని బాయిలరు మరియొకదానికి చేరుచుండెడిది. చక్రములను కలుపు కడ్డీలపై యింజను సంఖ్యను ముద్రించుట వాడుక. ఏది దేనిదో తెలియుటకే ఆ ముద్ర. దానివలన ఎవరికిని లాభము లేదు. కావున దొంగముద్ర వేయుటకు ఎవరికిని ఆశ పుట్టలేదు.

ముద్రకు ధర వచ్చినచోట కథ మారును. 1964 మొదలు 1970 దశకపు తొలి సంవత్సరముల వరకు అమెరికా దేశమున ‘మజిల్ కార్లు’ అను బలిష్ఠములైన వాహనములు ప్రసిద్ధి కెక్కెను. కొనువాడు యింజనును, గేరుపెట్టెను, రంగును ఎన్నుకొనగా ఫ్యాక్టరీవారు అట్లే అమర్చి పంపెడివారు. 1969 నాటి షెవర్లే కెమేరోలలో జెడ్.ఎల్-1 అను అల్యూమినియపు యింజనుతో వెలువడినవి 69 మాత్రమే. అట్టి అరుదైన వానికి నేడు విపరీతమైన వెల. సాధారణమైన కారునకు అట్టి వేషము వేయుట నేర్పరికి అసాధ్యము కాదు.

అందుచేత పరీక్ష అవసరమైనది. 1964 నాటి పోంటియాక్ జి.టి.ఓ. ప్రత్యేకమైన కారు కాదు. లెమాన్స్ కారుపై కోరి తీసికొనిన అమరిక. దాని క్రమసంఖ్య ఆ మాట చెప్పదు. నాటి ఫ్యాక్టరీ బిల్లు చెప్పును. క్రైస్లర్ కార్లలో, తయారీవేళ పనివారికి మార్గదర్శకమైన కాగితము ఒక్కొక్కప్పుడు సీటు స్ప్రింగుల నడుమ దొరకును. కాగితము లేనిచోట లోహమునే అడుగవలెను. యింజనును పోతపోసిన తేది కారు తయారైన తేదికంటె ముందుండవలెను. తరువాతిదైనచో ఆ యింజను కారుతో పుట్టినది కాదు.

నాగసేన భిక్షువు మిళింద మహారాజును, ‘ఇరుసు రథమా? చక్రములు రథమా? కాడి రథమా?’ అను తీరున ప్రశ్నించి, రథమనునది భాగముల కూడికను ఆశ్రయించిన పేరు మాత్రమేయని తేల్చెను. అటులైన, కారు అసలైనదా యని విచారించుట వ్యర్థము కాదా యని కొందరడుగవచ్చును. కాదు. కొనువాడు అడుగునది వస్తుతత్త్వమును గూర్చి కాదు, దాని చరిత్రను గూర్చి. భాగములు మారవచ్చును, జరిగినది మారదు. అరిగిన యింజనును మార్చి, మార్చితినని చెప్పువాడు ఏ తప్పును చేయలేదు. కొత్త యింజనుపై పాత సంఖ్య చెక్కువాడు మాత్రము గతముచేత అబద్ధమాడించుచున్నాడు.

కారు అదే వేగముతో పరుగెత్తుచుండగా ఇందువలన ఎవరికి నష్టమందురా? మోసపోయిన వానికే కాదు, నిజమైన కారు గలవానికిని నష్టమే. ప్రతి నకిలీయు అసలును అనుమానపు పాలు చేయును. నిరూపించుకొను భారము సత్యవంతునిపై పడును.

పరీక్షకునికిని ఒక ధర్మము కలదు. కాగితము దొరకనంత మాత్రమున యజమాని అబద్ధీకుడు కాడు. కారు అందముగా నున్నంత మాత్రమున అసలైనదియు కాదు. ఆధారము లేనిచోట ‘తెలియదు’ అనుటయే న్యాయము. ఆ ఒక్క మాటచే కారు వెల దిగజారవచ్చును, అమ్మువాడు నొచ్చుకొనవచ్చును. అయినను దానిని పలుకగల వానికే ‘అసలైనది’ అని పలుకు అధికారము కలుగును.