విద్యార్థుల మధ్య సేవ, ఇంటిలోని శ్రీసభ



కళాశాల విద్యార్థుల మధ్య శ్రీసభ పేరిట సేవచేసే గృహస్థులను గురించి ఈ వారం మీతో మాట్లాడాలనుకొంటున్నాను. గురువుల సేవను గురించి, కన్యాస్త్రీల సేవను గురించి మనం తరచుగా వింటాం. కాని సాయంకాలం ఐకఫ్ సమావేశానికి వెళ్లే అధ్యాపకుడు, హాస్టలు పిల్లలచేత ఆదివారం బైబులు పఠనం చేయించే దంపతులు, ధ్యానకూటం ముగించుకొని రాత్రి పదకొండింటికి ఇల్లు చేరే యువజన సేవకుడు, వీరి ఇళ్లలో ఏమి జరుగుతున్నదో ఎవరు అడుగుతారు? భర్త సేవకు వెళ్లాడు. భార్య అన్నం మీద మూతపెట్టి కూర్చున్నది. నాన్న వస్తాడని చూసి చూసి బిడ్డ నిద్రపోయాడు. ఇది ప్రభువు కోరిన త్యాగమా, లేక ప్రభువు అడగకపోయినా మనమే అర్పిస్తున్న బలియా?

కొందరు ఈ ప్రశ్న వేసుకోవడానికే భయపడతారు. దేవుని పని చేస్తున్నప్పుడు ఇంటి సంగతి దేవుడే చూసుకొంటాడని పెద్ద విశ్వాసంతో చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ మాట ఎప్పుడూ ఇంటిలో లేనివారే చెబుతుండటం గమనించారా?

అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయం తెరవండి. అపొల్లో అనే పండితుడు ఎఫెసు నగరానికి వచ్చాడు. అతడు అలెగ్జాండ్రియావాడు. ఆ రోజులలో గ్రంథాలకూ పాండిత్యానికీ ఆ నగరాన్ని మించినది లేదు. మన భాషలో చెప్పాలంటే పెద్ద యూనివర్సిటీలో చదివి వచ్చినవాడన్నమాట. మంచి వక్త, లేఖనాలు క్షుణ్ణంగా తెలిసినవాడు. కాని జ్ఞానస్నానం విషయంలో అతనికి తెలిసినది యోహాను ఇచ్చిన జ్ఞానస్నానం వరకే. ప్రార్థనామందిరంలో అతని ప్రసంగం విన్న అక్విలా, ప్రిస్సిల్లా దంపతులు పదిమంది ఎదుట లేచి తప్పు పట్టలేదు. తమ వెంట తీసుకొనిపోయి, దేవుని మార్గాన్ని మరింత వివరంగా తెలియజేశారు. అంత చదువుకున్నవాడికి ఈ పాఠం చెప్పినవారు ఎవరు? డేరాలు కుట్టుకొని బ్రతికే ఆలుమగలు. వారి ఇంటిలోనే విశ్వాసులు కూడుకొనేవారని పునీత పౌలు తన లేఖలలో చెబుతాడు.

ఒక చిన్న సంగతి గమనించండి. నూతన నిబంధనలో ఈ దంపతుల ప్రస్తావన ఆరుచోట్ల వస్తుంది. ఆరుచోట్లా ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి. అక్విలా ఒక్కడే సేవకు వెళ్లినట్లు గాని, ప్రిస్సిల్లా ఒక్కతే ఇంటికి కాపలా ఉన్నట్లు గాని ఎక్కడా లేదు.

దీనికి ఎదురుగా మరొక ఇల్లు ఉన్నది. అది షిలోలోని ఏలీ యాజకుని ఇల్లు. ఆయన చెడ్డవాడు కాడు. పరాయి తల్లి కన్న సమూయేలును పెంచి, దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం నేర్పినవాడు. కాని ఆయన కన్న కొడుకులు హోఫ్నీ, ఫీనెహాసులు అదే మందిరంలో బలిమాంసాన్ని దౌర్జన్యంగా లాక్కొనేవారు. ముసలితనంలో ఆయన వారిని మందలించాడు కూడ. వారు వినలేదు. ఊరి పిల్లలకు దారి చూపినవాడు సొంత పిల్లలను అదుపుచేయలేకపోయాడు. విద్యార్థుల సేవలో ఉన్న ప్రతి తండ్రీ, ప్రతి తల్లీ సంవత్సరానికి ఒకసారైనా సమూయేలు మొదటి గ్రంథంలోని ఆ అధ్యాయాలు చదువుకోవాలని నా కోరిక.

ఇక మనకు కొంచెం దగ్గర కాలానికి వద్దాం. మన విచారణలలో పునీత విన్సెంట్ డి పాల్ సభను ఎరుగనివారుండరు. పేదల ఇళ్లకు వెళ్లే ఆ సభ్యులలో చాలామంది తలనెరసినవారు గనుక, అది పెద్దల సంఘమని మనం అనుకొంటాం. నిజానికి అది కాలేజీ కుర్రవాళ్లు ప్రారంభించినది. 1833 ఏప్రిల్ 23న పారిస్‌లో ఆరుగురు విద్యార్థులు, వారికి తోడుగా ఎమ్మాన్యుయేల్ బాయి అనే పత్రికా సంపాదకుడు కూర్చుని దానికి నాంది పలికారు. ఆ విద్యార్థులలో ఒకడైన ఫ్రెడెరిక్ ఓజానామ్‌కు ఆనాటికి సరిగ్గా ఇరవై ఏండ్లు నిండాయి.

ఈ ఓజానామ్ 1831లో లియోన్ పట్టణం నుండి న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ వచ్చాడు. మతాన్ని ఎగతాళి చేయడం విద్యావంతుల లక్షణమని భావించే రోజులవి. తాను దిగిన భోజనశాల అతనికి నచ్చలేదు, దిగులు పట్టుకొన్నది. కొడుకును హైదరాబాదు హాస్టల్లో దింపి వచ్చిన తల్లిదండ్రులకు ఆ దిగులు ఎలాంటిదో నేను వేరే చెప్పనక్కరలేదు. అటువంటి సమయంలో అతడు ఒక పెద్దమనిషిని చూడబోయాడు. ఆయన ఈ కుర్రవాడి అవస్థ తెలుసుకొని, దూరప్రయాణంలో ఉన్న తన కుమారుని గదిని చూపించి, ఇక్కడే ఉండిపొమ్మన్నాడు. భోజనశాలలో ఇచ్చే సొమ్మే ఇక్కడా ఇమ్మన్నాడు. కుర్రవాడికి మొహమాటం లేకుండా చేసిన ఉపాయం అది! ఆ పెద్దమనిషి పేరు ఆంద్రే మరీ ఆంపియర్. మన ఇంటర్మీడియట్ పిల్లలు ప్రయోగశాలలో కరెంటు కొలిచి ఆంపియర్లలో రాస్తారే, ఆ ఆంపియరే. ఓజానామ్ దాదాపు ఏడాదిన్నర ఆ ఇంటిలో ఉన్నాడు. ఒకనాడు అతడు దేవాలయంలోకి వెళ్తే, ఒక మూల మోకరించి జపమాల చెప్పుకొంటున్న ఆంపియర్ కనిపించాడని చెబుతారు. ఆ మహాశాస్త్రవేత్త భార్యను యౌవనంలోనే పోగొట్టుకొన్నవాడు. ఆయన ఇల్లేమీ ఆదర్శ కుటుంబ చిత్రపటం కాదు. అయినా ఆ ఇంటి భోజనబల్ల దగ్గర ఒక విద్యార్థి విశ్వాసం నిలబడింది.

బాయిగారి ఇల్లు కూడ అటువంటిదే. ఆయన గృహస్థు, విద్యార్థులకు అండగా నిలిచినవాడు. పైన చెప్పిన సమావేశం జరిగేనాటికి ఆయన ఇంటిలో కొన్ని నెలల పసివాడున్నాడు. ఆ బిడ్డకు విన్సెంట్ డి పాల్ అనే పేరే పెట్టుకొన్నారు. పెరిగి పెద్దవాడై గురువయ్యాడు. 1883లో ‘లా క్రువా’ అనే కతోలిక దినపత్రికను స్థాపించాడు. ఇప్పటికీ ఫ్రాన్సులో ఆ పత్రిక వెలువడుతున్నది. విద్యార్థుల రాకపోకలతో ఆ తండ్రి ఇల్లు సందడిగా ఉండేది, కాని బిడ్డ ఆ సందడిలో తప్పిపోలేదు.

ఓజానామ్ పెళ్లి మాటకు వస్తాను. అతడు 1841 జూన్ 23న అమెలీ సులాక్రువాను జ్ఞానవివాహం చేసుకొన్నాడు. అతని మిత్రుడు, సుప్రసిద్ధ వక్త లాకోర్డేర్ గురువుకు ఇది అంతగా రుచించలేదట. ఓజానామ్ బోనులో చిక్కుకొన్నాడని ఆయన అన్నట్లు, ఆ సంగతి విన్న 9వ భక్తినాథ జగద్గురువులు, “ప్రభువు ఆరు దివ్యసంస్కారాలనూ ఒక బోనునూ స్థాపించాడని నాకు ఇంతవరకు తెలియదే!” అని నవ్వినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎంతవరకు నిజమోగాని, అందులోని చురక మాత్రం మనకు చెందుతుంది. సేవచేసేవారికి సంసారం అడ్డని మనలోనూ గుసగుసలాడేవారున్నారు.

ఓజానామ్ సోర్బోన్‌లో ఆచార్యుడై విద్యార్థులకు అందుబాటులో ఉండేవాడు, పేదల ఇళ్లకు వెళ్లేవాడు. అయినా ప్రతి నెలా 23వ తేదీన, పెళ్లిరోజు గుర్తుగా, భార్యకు పూలు ఇవ్వడం మానలేదట. వారికి 1845లో మరీ అనే కుమార్తె పుట్టింది. ఒక కొత్త సంవత్సరం రోజున జరిగిన సంగతిని అతని చరిత్రకారులు చెబుతారు. ఒక పేద కుటుంబం తమ బీరువాను తాకట్టు పెట్టుకొన్నదని తెలిసి, దానిని విడిపించి ఇవ్వాలని అతడు అనుకొన్నాడు. భార్య ఏవో కారణాలు చెప్పి, ఇప్పుడు వద్దన్నది. అతడు మానేశాడు. కాని సాయంకాలం బిడ్డ చుట్టూ పోగుపడ్డ బొమ్మలను చూస్తూ దిగాలుగా కూర్చున్నాడు, మిఠాయి ఇస్తే ముట్టలేదు. అమెలీ కారణం తెలుసుకొని, వెళ్లి విడిపించి రమ్మన్నది. వెళ్లాడు, సంతోషంగా తిరిగివచ్చాడు.

ఈ సంఘటనలో నాకు నచ్చినది దానం ఒక్కటే కాదు. భర్త భార్యతో చెప్పాడు, ఆమె కాదన్నప్పుడు ఆగాడు, చాటుగా చేయలేదు. భార్య తన మాటే నెగ్గాలనుకోలేదు. ఎంతమంది సేవకులు ఇంటిలో చెప్పకుండా జీతంలో సగం ఇచ్చివేసి, తరువాత దానిని విశ్వాసమని పేర్కొంటున్నారు!

ఓజానామ్ 1853 సెప్టెంబరు 8న, మరియమాత జన్మదినోత్సవం నాడు, నలభై ఏండ్ల వయస్సులో కన్నుమూశాడు. పన్నెండేండ్ల కాపురం వారిది. 1997 ఆగస్టు 22న పారిస్ నోతర్ దామ్ దేవాలయంలో, ప్రపంచ యువజన దినోత్సవాల సమయంలో, 2వ జాన్ పాల్ జగద్గురువులు ఆయనను ధన్యునిగా ప్రకటించారు. ఒక భర్తను, ఒక తండ్రిని, ఒక ఆచార్యుని శ్రీసభ యువకుల ముందు నిలబెట్టింది.

ప్రియులారా, మన పిల్లలకు నేడు ప్రసంగాల కొరత లేదు. ఫోను తెరిస్తే ఎన్ని కావాలంటే అన్ని. ఖమ్మం నుండో నంద్యాల నుండో వచ్చి ఇరుకుగదిలో నలుగురితో ఉంటున్న విద్యార్థికి కరువైనది ఒక ఇల్లు. డల్లాస్‌లోనో షికాగోలోనో చదువుకొంటున్న మన తెలుగు బిడ్డలదీ అదే కరువు. భార్యాభర్తలు మాట తేడా వచ్చినా మళ్లీ ఎలా కలిసి ప్రార్థిస్తారో, నెలాఖరున డబ్బు చాలనప్పుడు ఏమి చేస్తారో, జ్వరమొచ్చిన బిడ్డ పక్కన తల్లి జపమాల ఎలా చెప్పుకొంటుందో ధ్యానకూటంలో చూపలేం. పప్పుచారు, ఆవకాయలతో పెట్టిన భోజనం దగ్గర అవి వారంతట వారే చూస్తారు. రెండవ వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని గృహశ్రీసభ అన్నది. గుడి దీపానికి నూనె కావాలని ఇంటిదీపం ఆర్పుకుంటామా?

అందుచేత సేవలో ఉన్న దంపతులకు నా మనవి. వారంలో ఒక సాయంకాలం మీ పిల్లలది. ఆ రోజు ఎంత మంచి సమావేశమున్నా రాలేమని చెప్పండి, కారణం కూడ దాచకుండా చెప్పండి. ఇంటికి అతిథులు వచ్చే ముందు వంటచేసేవారిని అడగండి. విద్యార్థులు నమ్మి చెప్పుకొన్న రహస్యాలను భోజనాల దగ్గర ముచ్చట్లుగా చేయవద్దు. ఒంటరిగా సలహాకోసం వచ్చే ఆడపిల్లతోగాని మగపిల్లవానితోగాని తలుపులు మూసి మాట్లాడవద్దు. ఇది అనుమానం కాదు, అందరికీ రక్షణ. మీ పిల్లలను సాక్ష్యం చెప్పమని, పాట పాడమని పదిమంది ముందు నిలబెట్టి విసిగించకండి. వారికి అలసట వస్తే గుడిమీదే కోపం వస్తుంది.

విచారణ గురువులకు ఒక మాట. ఇటువంటి దంపతులను ప్రతి కమిటీలోనూ వేయకండి. వద్దనలేని మంచితనం వారిది.

ఇక విద్యార్థులారా, ఈ ఆదివారం పూజ తరువాత అటువంటి ఇంటికి మీరు భోజనానికి వెళ్తే, తిన్న కంచం మీరే కడగండి. ఆ ఇంటి చిన్నపిల్లలను పేరుపెట్టి పిలిచి, వారితో కాసేపు ఆడండి. తొమ్మిది గంటలకు లేచి, అమ్మగారికి చెప్పి బయలుదేరండి.