ఏకాంత తీరం: సాధనకు చోటు ముఖ్యమా?

మనసు కుదుటపడాలంటే మనుషులకు దూరంగా పోవాలన్న నమ్మకం మన ఆధ్యాత్మిక సంప్రదాయంలో చాలా పాతది. ఊరు దాటి అడవి అంచునో నీటి ఒడ్డునో కూర్చుంటే దైవచింతన సులువవుతుందని పురాణాలు, స్థలమాహాత్మ్యాలు, సన్యాసుల చరిత్రలు పదేపదే చెబుతాయి. అడవీ సముద్రమూ ఒకేచోట ఉన్న నిర్జన తీరమైతే ఇక చెప్పనక్కర్లేదు. అయితే ఆ ఏకాంతం సాధకుడికి నిజంగా అవసరమా, అవసరమైతే ఎంతవరకు, దాని కోసం అలాంటి చోట్లకు వెళ్ళడం తగునా అన్న చర్చ కొత్తది కాదు. శాస్త్రగ్రంథాలే దాన్ని లేవనెత్తాయి. చిల్లకూరు నుంచి శ్రీహరికోట దాకా సాగిన నెల్లూరు తీరాన్ని ఎదురుగా పెట్టుకుని ఆ గ్రంథాలను చదివితే, జనం అనుకునే దానికీ అవి చెప్పేదానికీ చాలా తేడా కనిపిస్తుంది.

చిల్లకూరు మండలం గూడూరును ఆనుకుని ఉంటుంది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాలో చేరినా, మాటతీరులోనూ రాకపోకల్లోనూ అది నెల్లూరు సీమే. పడమట జాతీయ రహదారి, నిమ్మతోటలు. తూర్పుకు పోయేకొద్దీ రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోపులు, తెల్లటి సిలికా ఇసుక తవ్విన గుంతలు, ఆ తర్వాత బంగాళాఖాతం. ఒడ్డు మీద రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డి పెరుగుతుంది. ఎండిన దాని గింజల గుత్తులు తల్లిమొక్క నుంచి తెగి, గాలి ఎటు తోస్తే అటు ఇసుక మీద దొర్లుతూ పోతాయి. దాని వెనక మొగలి పొదలు. అడవి విషయానికొస్తే, ఏడాది పొడవునా తడిసే అసలైన వర్షారణ్యం తెలుగు తీరంలో ఎక్కడా లేదు, దాన్ని చూడాలంటే పడమటి కనుమలకో అండమాన్‌కో పోవాలి. కానీ కాస్త దక్షిణాన, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట దీవిలో అడవి దాదాపు కెరటాల దాకా వస్తుంది. వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని ఉష్ణమండల పొడి సతతహరితారణ్యం అంటారు. ఇక్కడ వాన ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. మిగిలిన కాలం చాలావరకు ఎండే. అయినా పాల, నేరేడు, అల్లి, ముష్టి, బలుసు చెట్లు ఒక్కసారిగా ఆకు రాల్చి మోడువారవు. మందమైన ఆకులతో, పొట్టి మానులతో ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. ఇలాంటి అడవి దేశంలో కోరమండల్ తీరం వెంట తునకలు తునకలుగా తప్ప మిగల్లేదు.

ఇక గ్రంథాల సంగతి. గీత 13వ అధ్యాయం జ్ఞానసాధనాలను వరుసగా చెబుతూ, ఏకాంత ప్రదేశాన్ని ఆశ్రయించడాన్నీ జనసమూహం మీద ప్రీతి లేకపోవడాన్నీ పక్కపక్కనే చేర్చింది. ఆ ప్రదేశం ఎలాంటిదో శంకరాచార్యులు భాష్యంలో విడమరిచారు. సహజంగానో, శుద్ధి చేసినందువల్లనో మాలిన్యం లేనిదై ఉండాలి. పాములు, పులులు ఉండకూడదు. అడవి, నదిలోని ఇసుకతిన్నె, దేవాలయం ఆయన ఇచ్చిన ఉదాహరణలు. అలాంటి చోట చిత్తం ప్రసన్నమవుతుంది కాబట్టి ఆత్మభావన అక్కడ కలుగుతుందని కారణం కూడా చెప్పారు. జనసమూహం అన్నచోట మరో జాగ్రత్త తీసుకున్నారు. తప్పుకోవలసింది సంస్కారమూ వినయమూ లేనివారి గుంపు నుంచే తప్ప సజ్జనుల నుంచి కాదనీ, వాళ్ళ సాంగత్యం జ్ఞానానికి తోడ్పడుతుందనీ వివరించారు. అంటే గీత కోరిన ఏకాంతం మనుషుల మీద విముఖత కాదు. పామూ పులీ లేని అడవిని అడవి అనడానికి ఈ సీమ అడవుల్లో బతికిన యానాది గిరిజనుడెవడూ ఒప్పుకోడనుకోండి, అది వేరే మాట. భాష్యకారుడి దృష్టి అడవి మీద లేదు, అక్కడ కూర్చునే మనసుకు అడ్డంకులు ఉండకూడదన్నదాని మీద ఉంది.

శ్వేతాశ్వతరోపనిషత్తు రెండో అధ్యాయం మరింత నిక్కచ్చిగా మాట్లాడుతుంది. యోగానికి కూర్చునే చోటు చదునుగా, శుచిగా ఉండాలి. గులకరాళ్ళు, నిప్పు, ఇసుక ఉండకూడదు. మనసుకు అనుకూలంగా ఉండాలి, కంటికి బాధ కలిగించకూడదు. గాలి తగలని గుహలాంటి మరుగు కావాలి. ఈ కొలతలతో చూస్తే నెల్లూరు తీరం మొదటి పరీక్షలోనే తప్పుతుంది. అక్కడున్నదే ఇసుక. పొద్దెక్కేకొద్దీ సముద్రం నుంచి వీచే గాలికి ఆ ఇసుక లేచి కనురెప్పల్లో, పళ్ళ సందుల్లో చేరుతుంది. సిలికా తెలుపు మీద పడిన ఎండకు కళ్ళు చికిలించక తప్పదు. నిర్జన తీరంలో ధ్యానముద్రలో కూర్చున్న బొమ్మలు క్యాలెండర్లకు అందంగా ఉండవచ్చు గాని, ఉపనిషత్తు వాటికి సాక్ష్యం పలకదు.

మరి ఆ నియమాలు తప్పనిసరా? బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం మొదటి పాదంలోని 11వ సూత్రం దీనికే సమాధానం. యజ్ఞయాగాలకు దిక్కు, దేశం, కాలం విధించినట్టే ఉపాసనకూ విధించి ఉంటారు కదా అన్నది పూర్వపక్షం. ఏకాగ్రత ఎక్కడ కుదిరితే అక్కడే, ప్రత్యేక విధి లేదన్నది సిద్ధాంతం. శ్వేతాశ్వతరంలో నియమాలు ఉన్నాయి కదా అన్న ఆక్షేపణను శంకరులు దాటవేయలేదు. ఉన్నమాట నిజమేననీ, అయితే ఆ వివరాల్లో పట్టుదల అక్కర్లేదని సూత్రకారుడు ఒక స్నేహితుడిలా చెబుతున్నాడనీ అన్నారు. మనసుకు అనుకూలమైన చోటు అని ఉపనిషత్తే అంది కాబట్టి దాని ఆంతర్యమూ అదేనని తేల్చారు. తర్వాతి కాలంలో అరుణాచలం గుహల్లో ఏళ్ళ తరబడి గడిపిన రమణ మహర్షి కూడా ఏకాంతం మనసులోనే ఉందనీ, అడవిలో ఉన్నా మనసు అదుపులో లేనివాడు ఏకాంతంలో లేనట్టేననీ బోధించారు. గుహల్లో ఉండి చూసినవాడు చెప్పినందువల్ల ఈ మాటకు బరువెక్కువ.

మరి చోటుతో ప్రయోజనమే లేదా? ఈ కోస్తా పొడి అడవుల్లో పెరిగే చిల్ల చెట్టు గింజను బురద నీళ్ళ కుండలో లోపలి వైపు అరగదీస్తారు. కాసేపటికి మడ్డి అడుక్కు దిగి నీరు తేటపడుతుంది. శంకరుల పేరున ఉన్న ఆత్మబోధ ఈ గింజనే దృష్టాంతంగా తీసుకుంది. గింజ పొడి మడ్డితోపాటు తానూ అడుక్కు చేరినట్టే, జ్ఞానసాధన అజ్ఞానాన్ని పోగొట్టి తానూ తొలగిపోతుందని అక్కడి భావం. ఏకాంత ప్రదేశానికీ ఇదే వర్తిస్తుంది. అది సాధనమే కాని సాధ్యం కాదు. మనసు తేటపడ్డాక కూడా తీరం కోసం తపన మిగిలే ఉందంటే, అది ముముక్షుత్వం కాదు, విహారేచ్ఛ. విహారం తప్పేమీ కాదు. దానికి వేదాంతం పేరు పెట్టడమే తప్పు.

సముద్రం విషయంలో ధర్మశాస్త్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. రావిచెట్టునూ సముద్రాన్నీ సేవించవచ్చు గాని మామూలు రోజుల్లో తాకకూడదని నిబంధ గ్రంథాలు చెబుతాయి. రావిని శనివారం, సముద్రాన్ని అమావాస్య, పౌర్ణమి వంటి పర్వదినాల్లో మాత్రమే తాకాలి. రామసేతువు దగ్గర ఈ నిషేధం లేదు. పోటుపాట్ల భయంతో ఈ నియమం పెట్టారని కొందరు సమర్థిస్తారు గాని అది నిలవదు. పోటు బలంగా ఉండేది సరిగ్గా అమావాస్య, పౌర్ణములకే. ప్రాణభయమే కారణమైతే నియమం తలకిందులుగా ఉండాలి. సముద్రం దైవం కాబట్టి దాని దగ్గరికి ఎప్పుడంటే అప్పుడు పోరాదన్న మర్యాదే ఇక్కడ కనిపిస్తుంది. కార్తీక పౌర్ణమికి మైపాడు, తూపిలిపాళెం తీరాలకు జనం బండ్లు కట్టుకుని పోయిన అలవాటు వెనక ఉన్నదీ ఇదే. ఆ రోజున అక్కడ ఏకాంతమన్న ఊసే ఉండదు. నెల్లూరు సీమ భక్తి మొత్తంగా గుంపులోనే సాగుతుంది. బారాషహీద్ దర్గా దగ్గర చెరువు నీళ్ళలో రొట్టెలు మార్చుకునే పండగ దానికి పెద్ద ఉదాహరణ.

పర్వదినాల నియమం పట్టపువారికి మాత్రం వర్తించదు. తీరం వెంట తరతరాలుగా చేపలు పట్టే వీళ్ళకు సముద్రాన్ని తాకని రోజు పస్తు రోజే. కడలిని గంగమ్మగా కొలిచి, జాతర చేసి, ఆ గంగమ్మలోకే పడవ తోస్తారు. బయటినుంచి వచ్చినవాడికి నిర్జనంగా కనిపించే తీరం వీళ్ళకు పని చోటు. ఏ పడవ ఎక్కడ లాగాలి, వల ఎక్కడ ఆరేయాలి అన్నదానికి ఊరి కట్టుబాట్లు ఉంటాయి. ఇప్పుడు ప్రభుత్వం కూడా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని దానికి కారణం. ఎప్పుడంటే అప్పుడు సముద్రం జోలికి పోవద్దన్న పాత మర్యాద చట్టం రూపంలో వచ్చినట్టయింది.

ఏకాంతం ఎలా తయారవుతుందన్న ప్రశ్నకు శ్రీహరికోటే జవాబు. 1835లో దీవి కుంఫిణీ ప్రభుత్వం చేతికి వచ్చేసరికే యానాదులు అక్కడున్నారు. తేనె, మూలికలు, వంటచెరకు సేకరించి ఇచ్చి కూలిగా ధాన్యం తీసుకునేవారు. అడవి వాళ్ళకు తపోవనం కాదు, ఇల్లు. చెంచు దేవుణ్ణీ ఊరి అమ్మవార్లనూ అక్కడే కొలిచారు. 1969లో రాకెట్ కేంద్రానికి దీవిని ఎంపిక చేశారు, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. తూర్పున సముద్రం, పడమట సరస్సు, నడుమ కాపలా ఉన్నందువల్ల అడవి బతికింది. తమిళ తీరంలో ఇదే జాతి అడవి గుడి తోపుల్లో మిగిలింది, అక్కడ కాపలా గ్రామదేవుడు అయ్యనార్ మీది భయం. ఇక్కడ దేవుడి స్థానంలో భద్రతా దళం ఉంది. పవిత్రతా భావం ఉంటే చాలు, ప్రకృతి నిలుస్తుందన్న వాదం ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే బలహీనపడుతుంది. రెండుచోట్లా అడవిని కాపాడింది మనిషి అడుగు పడకపోవడమే. ఈ నిర్జనత్వానికి మూల్యం చెల్లించింది మాత్రం యానాదులు. ఆ సంగతి మరిచి ఆ తీరపు ప్రశాంతతను పొగిడితే సగం నిజమే చెప్పినట్టు.

మనిషి అడుగు పడితే నిర్జనత్వం పోతుంది కాబట్టి, ఏకాంతాన్ని వెతుక్కుంటూ పోయేవాళ్ళే దాన్ని చెడగొడతారు. ఇది ఒక్క మన దేశపు సంగతి కాదు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఒంటరిగా తపస్సు చేసిన ఆంథోనీ జీవితకథను అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాశాడు. ఆంథోనీని అనుసరించి వెళ్ళిన సన్యాసులతో ఎడారే నగరమైపోయిందని అందులో గర్వంగా చెప్పుకున్నాడు. ఒంటరిగా ఉండాలని పోయిన ఆంథోనీ ఇంకా లోపలి కొండకు తరలిపోవలసి వచ్చింది.

నెల్లూరు తీరంలో మనుషుల ఏకాంతం కంటే ముందు లెక్కలోకి రావలసిన ప్రాణి ఒకటుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఈ ఇసుక ఎక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, దాదాపు వంద గుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి నీళ్ళలోకి పోతాయి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. చీకట్లో కాస్త వెలుగుగా కనిపించే సముద్రపు అంచే వాటికి దారి. ఒడ్డున దీపం ఉంటే అటు తిరుగుతాయి, తెల్లారేసరికి కాకులకో కుక్కలకో చిక్కుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్ళను మొదటి షెడ్యూలులో చేర్చింది. తాబేలును కూర్మావతారంగా కొలిచే సంప్రదాయంలో, దాని పిల్లల దారి తప్పించి చేసే సముద్రతీర ధ్యానానికి అర్థం లేదు.

ధ్యానానికి తీరం తప్పనిసరి కాదని సూత్రం తేల్చింది, సముద్రం దగ్గరికి మితంగా పొమ్మని ధర్మశాస్త్రం చెప్పింది. ఈ రెండూ తెలిసి కూడా తూపిలిపాళెం వైపో చిల్లకూరు తూర్పు తీరానికో పోదలచినవారు పగటిపూట పోవాలి, పట్టపువారి వలలు తొక్కకుండా నడవాలి. జనవరి నుంచి వేసవి మొదలు దాకా రాత్రివేళ ఆ ఇసుక మీద టార్చి గాని సెల్‌ఫోన్ లైటు గాని వెలిగించకూడదు.