వూచ్‌లో అద్దె తక్కువ

పోలండ్‌కి చదువుకో ఉద్యోగానికో వెళ్లి, వార్సా అద్దెలు చూసి బెంబేలెత్తిన తెలుగు కుర్రాళ్లకు సీనియర్లు చెప్పే పేర్లలో వూచ్ ఒకటి. మ్యాపులో స్పెల్లింగు చూసి లోడ్జ్ అనుకుంటూ బయల్దేరతారు, స్టేషన్లో దిగాక నాలుక సరిచేసుకుంటారు. వార్సాకు నైరుతిగా దాదాపు 130 కిలోమీటర్లు, రైల్లో గంటన్నర. ట్రాములున్నాయి, యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, ఆఫీసులున్నాయి. అద్దె మాత్రం తక్కువ. ఎందుకు తక్కువో మొదటి నెలలో ఎవరూ అడగరు. బేరం కుదిరాక కారణం ఆరా తీసేవాడు లోకంలో అరుదు.

కారణం పాతది. 1820లో ఇది 800 మంది కూడా లేని ఊరు. ఆ ఏడాది అప్పటి పోలండ్ ప్రభుత్వం దీన్ని నేత పరిశ్రమకు కేటాయించింది. సాక్సనీ, సిలీసియా, బొహీమియా నేతగాళ్లను పిలిచి, స్థలాలిచ్చి, కొన్నేళ్లు పన్నులు మాఫీ చేసింది. 1851లో రష్యాతో ఉన్న సుంకపు సరిహద్దు పోయేసరికి బట్టకు తూర్పున అంతులేని బజారు తెరుచుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి జనాభా 5 లక్షల దగ్గరికి వచ్చింది. పెద్ద మిల్లుల యజమానుల్లో కార్ల్ షైబ్లర్ రైన్ ప్రాంతం నుంచి వచ్చిన జర్మన్, ఇజ్రాయెల్ పొజ్నాన్‌స్కి యూదుడు. కూలికి వచ్చింది చుట్టుపక్కల పల్లెల పోలిష్ రైతుల పిల్లలు. పై అధికారం రష్యన్లది. వ్వాదిస్వావ్ రేమొంత్ 1899లో ఈ ఊరి మీద రాసిన నవలకు ‘వాగ్దత్త భూమి’ అని పేరు పెట్టాడు, ఆంజెయ్ వాయ్దా 1975లో దాన్ని సినిమాగా తీశాడు. డబ్బు తప్ప వేరే దేవుడు లేని ఊరు కనిపిస్తుంది రెండింట్లోనూ. ఇవాళ బ్యాగుతో దిగే కుర్రాడు ఈ ఊరికి కొత్త కావచ్చు గానీ, బతుకుతెరువు కోసం పరాయివాళ్లు రావడం ఈ ఊరికి కొత్త కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో వార్సా నేలమట్టమైంది. వూచ్‌లో గోడలు నిలిచాయి, మనుషులు పోయారు. యుద్ధానికి ముందు జనాభాలో మూడోవంతు యూదులు. 1940లో నాజీలు ఊరి ఉత్తరాన ఉన్న బవూతి పేటలో వాళ్లను కుక్కి కంచె వేశారు. వియన్నా, ప్రాగ్ లాంటి నగరాల యూదులను కూడా అక్కడికే తోలారు. సుమారు 2 లక్షల మంది ఆ ఘెట్టోలో చిక్కుకున్నారు. ఆకలికీ రోగాలకూ చచ్చినవాళ్లు చావగా, వేలకు వేల మందిని హెవ్మ్‌నో మరణ శిబిరానికి పంపి చంపారు. మిగిలినవాళ్లను 1944 ఆగస్టులో రాదెగాస్ట్ స్టేషన్ నుంచి ఆష్విట్జ్‌కు రైళ్లలో తీసుకెళ్లారు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం వచ్చేసరికి ఘెట్టోలో ప్రాణాలతో ఉన్నవాళ్లు 900 మంది లోపు. చౌక గది వెతుక్కునేవాడికి ఇప్పుడు తరచుగా చెప్పే పేటల్లో బవూతి ఒకటి. ఒకప్పుడు ఘెట్టో ఎక్కడిదాకా ఉండేదో కాలిబాటల మీద గుర్తులు వేసి ఉంచారు. ట్రాము కోసం పరుగెత్తేవాళ్లు వాటిని తొక్కుకుంటూ పోతారు. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు, ఆ ఊళ్లోనే పుట్టినవాళ్లూ అలాగే పోతారు.

యుద్ధం తర్వాత మిల్లులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. మగ్గాల దగ్గర ఎక్కువగా ఆడవాళ్లే. 1970 డిసెంబరులో ప్రభుత్వం తిండి ధరలు పెంచితే గ్దాన్‌స్క్ వైపు ఓడల కార్ఖానాల మగవాళ్లు తిరగబడ్డారు, తుపాకులు పేలాయి, పదుల సంఖ్యలో చనిపోయారు. ధరలు మాత్రం దిగలేదు. 1971 ఫిబ్రవరిలో వూచ్ మిల్లుల ఆడవాళ్లు సమ్మెకు దిగారు. ప్రధానమంత్రి స్వయంగా వచ్చి నచ్చజెప్పబోయాడు, వాళ్లు వినలేదు. కొద్ది రోజుల్లోనే ధరల పెంపు రద్దయింది. పోలండ్ పోరాటాల గురించి మాట్లాడేటప్పుడు అందరికీ గ్దాన్‌స్క్ గుర్తొస్తుంది. ఇది అన్యాయం. గెలిచింది ఈ మగ్గాల ఆడవాళ్లు.

ఆ సమ్మె మొదలైన మిల్లు ఒకప్పటి పొజ్నాన్‌స్కి మిల్లు. ఇప్పుడది మనుఫక్తూరా అనే షాపింగ్ కేంద్రం. 1989 తర్వాత సోవియట్ బజారు కూలిపోయింది, ప్రభుత్వ దన్ను పోయింది, ఊరి మిల్లులు వరసగా మూతపడ్డాయి. 1980ల చివర 8.5 లక్షలున్న జనాభా ఇప్పుడు 6.5 లక్షల దగ్గర ఉంది. అద్దె ఎందుకు తక్కువో ఆ రెండు అంకెల మధ్య తేడా చెబుతుంది. 2006లో ఎర్ర ఇటుక గోడలు అలాగే ఉంచి మనుఫక్తూరా తెరిచారు. నూలు వడికిన భవనం హోటలైంది, నిప్పంటుకుంటే వాడటానికి కట్టిన నీళ్ల తొట్టి ఆ హోటలుకు ఈతకొలనైంది. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు కథ తెలిసిన తెలుగువాడికి ఆ ఇటుకలు చూస్తే కాస్త అసూయ కలుగుతుంది. అక్కడ మిల్లు పోయి ప్లాట్లు వచ్చాయి. ఇక్కడ గోడలైనా మిగిలాయి. అయితే లోపల కాఫీ తాగుతున్నవాళ్లలో ఆ మగ్గాల మీద పనిచేసినవాళ్లు ఎంతమంది?

డేవిడ్ లించ్ ఈ ఊరి పాడుబడ్డ ఫ్యాక్టరీలకు ముగ్ధుడై ఫొటోలు తీశాడు, 2006 నాటి తన ‘ఇన్‌ల్యాండ్ ఎంపైర్’ సినిమాలో కొంత ఇక్కడే చిత్రీకరించాడు. పై నుంచి వచ్చినవాడికి శిథిలం అందంగా కనిపిస్తుంది. కింద ఉన్నవాడికి అది పోయిన జీతం.

ప్రవాసి ఈ రెంటి మధ్యా ఉంటాడు. అతను దిగే పాత బిల్డింగుకు వీధి వైపు పూల చెక్కడాల ముఖద్వారం, లోపల బావి లాంటి ఇరుకు పెరడు, దాని చుట్టూ వెనక వరస ఇళ్లు. డబ్బున్నవాళ్లు ముందు, కూలివాళ్లు వెనక ఉండాలని వందేళ్ల క్రితమే అలా కట్టారు. అతనికి దొరికేది సాధారణంగా వెనకదే. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకుతుంది. అడ్వాన్సు కట్టాలి, నివాస కార్డు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. ఇన్ని ఉన్నా నెలాఖరుకు కొంత మిగులుతుంది, ఇంటికి పంపగలుగుతాడు. ఊరు చౌక అని ఫోన్లో చెబుతాడు. కింద కొట్లో గల్లా పెట్టె దగ్గర కూర్చునే ఆవిడకు మాత్రం ఊరు చౌక కాదు. ఆమె జీతం కూడా ఈ ఊరిదే మరి.

అతని ఉద్యోగం కూడా అద్దె వచ్చిన దారినే వచ్చింది. 2007లో ఇన్ఫోసిస్ ఫిలిప్స్ కంపెనీ లెక్కల కేంద్రాలను కొన్నప్పుడు చెన్నైతో పాటు వూచ్ కేంద్రం కూడా దాని చేతికి వచ్చింది. 2009లో డెల్ ఐర్లండ్‌లోని లిమెరిక్‌లో కంప్యూటర్ల తయారీ ఆపి వూచ్‌కి తరలించింది. లిమెరిక్‌లో 1,900 ఉద్యోగాలు పోయాయి. ఖర్చు ఎక్కడ తక్కువో లెక్క వేసే ఫ్యాక్టరీలూ ఆఫీసులూ జీతాలు పెరిగితే మరో ఊరు చూసుకుంటాయి. చౌక అని వచ్చినవాడు, చౌక అని వచ్చిన కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆ కంపెనీ వెళ్లిపోయిన రోజున అద్దె ఇంకా తగ్గుతుంది, కానీ కట్టడానికి జీతం ఉండదు.

వూచ్‌కి వెళ్లదలచుకున్నవాళ్లు నిశ్చింతగా వెళ్లవచ్చు, మంచి ఊరే. వెళ్లాక ఒక ఆదివారం షైబ్లర్ కార్మికులకు కట్టించిన క్షెంజి మ్విన్ ఎర్ర ఇళ్ల వరసలు చూడండి. మెట్ల మీద ఎదురయ్యే పెద్దావిడకు ‘జెన్ దోబ్రి’ చెప్పండి. ఆ వయసువాళ్లలో చాలామంది మిల్లుల్లో పనిచేసినవాళ్లే, అడిగితే చెబుతారు. అయితే వాళ్లలో ఎక్కువమందికి ఇంగ్లిష్ రాదు, పోలిష్ మీరే నేర్చుకోవాలి.