తెలియుట – ఎరుగుట

హైదరాబాదున 1958లో ఆంగ్లబోధనకై నెలకొన్న కేంద్రసంస్థ నేడు ఉస్మానియా ప్రాంగణము చెంత, తార్నాకలో, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా వెలయుచున్నది. అచటి విద్యార్థి ‘నాలెడ్జి’ అను మాటకు తెలుగడిగినచో జ్ఞానము, తెలివి, ఎరుక అని పర్యాయములు చెప్పుదుము. ఇవి నిజముగా ఒక్కటియేనా? తిరుమల చరిత్రము చదివి తెలిసికొనవచ్చును. కాని ‘ఎరిగినవాడు’ అనగా మనకు పరిచితుడు.

శ్రీభాష్యమున భగవద్రామానుజులు ఇట్టి పర్యాయవిచారమునే చేసిరి. ఉపనిషత్తులు ఒకే విద్యను ఒకచో తెలియుటగాను, వేరొకచో ఉపాసించుటగాను చెప్పినవి. ఛాందోగ్యమందలి రైక్వుని కథ ఇందుకు సాక్ష్యము. కావున ముక్తినొసగు జ్ఞానము వట్టి వాక్యార్థబోధ గాదు, తైలధారవలె ఎడతెగని ప్రీతిపూర్వక స్మరణము. భక్తి యనగా అదియే యని వారి సిద్ధాంతము. ఈ పర్యాయము ఆంగ్లనిఘంటువులలో దొరకదు. అట్లని వారు చదువును త్రోసిపుచ్చలేదు. శ్రీభాష్యము పండితులకే కొరుకుడుపడని గ్రంథము గదా!