ఫలితం ఎక్కడ ఆగుతుంది?

“ఇంకా ఆ సంచితో నాకేం పనమ్మాయ్? పిల్లలు పుట్టారు, పిల్లల ఆపరేషనూ అయింది. నెలకి పది రోజులు గుడ్డలు ఉతుక్కోలేక చస్తన్నా. తీసి పారేత్తే పీడా పోద్ది.”

మొవ్వ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఊడ్పులకొచ్చే ఆమె ఆరేళ్ల కిందట నాతో అన్న మాటలివి. అప్పటికి ఆమెకి ముప్ఫై నాలుగేళ్లు. ‘నా శరీరం మీద హక్కు నాదే’ అని సభల్లో ఎన్నోసార్లు చెప్పినదాన్ని. ఆ హక్కునే ఆమె వాడుకుంటానంటే వద్దనడానికి నేనెవర్ని? ఊరుకున్నాను. ఆ నెలలోనే విజయవాడలో ఒక నర్సింగ్ హోమ్‌లో గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేశారు. అవీ తీసేశారన్న సంగతి ఆమెకు కుట్లు విప్పే రోజునగానీ తెలియలేదు.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. సగానికి పైగా చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. దేశమంతటా ఇందులో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లు మితిమీరాయన్న విమర్శలు వచ్చి, పథకం కింద ప్రైవేటు ఆసుపత్రులకు ఆ వీలు తీసేయాల్సీ వచ్చింది.

డాక్టర్ల దురాశ అని తిట్టి ఊరుకోవడం తేలిక. (తిట్టాల్సినవాళ్లూ ఉన్నారు.) కానీ నన్ను వదలని ప్రశ్న వేరే. ఆమె అడిగింది కదా! అడిగిందే చేస్తే అన్యాయం ఎక్కడుంది?

వైద్య పరిశోధనలో ‘ఫలితం’ అనే మాట ఉంది. ఆపరేషన్‌లో ఎంత రక్తం పోయింది, చీము పట్టిందా, ఎన్నాళ్లకు ఇంటికెళ్లింది, బతికిందా, ఇలాంటివి లెక్కపెడతారు. ఆ లెక్కన ఆమెది మంచి ఫలితం. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిందే ఆఖరు, మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. కేసు షీటులో కథ అక్కడితో సుఖాంతం. సాహిత్యం చదువుకున్నదాన్ని కనక నాకు తెలుసు, ఏ కథైనా సుఖాంతమా కాదా అన్నది దాన్ని ఎక్కడ ఆపామన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఆపకుండా చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో నర్సుల ఆరోగ్య అధ్యయనంలో గర్భసంచి తీయించుకున్న 29,380 మందిని ఇరవై నాలుగేళ్లపాటు గమనించి 2009లో ప్రకటించారు. అండాశయాలు కూడా తీసేసినవాళ్లలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు తగ్గాయిగానీ గుండెజబ్బులూ, మొత్తం మరణాలూ ఎక్కువయ్యాయి. ఆమెకు ఇప్పుడు వేడి ఆవిర్లు, నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులు. అన్నీ ఆపరేషన్ వల్లేనని ఒక్క మనిషిని చూసి చెప్పలేం. చెప్పాలంటే మన ఊళ్లలో ఆమెలాంటివాళ్లను ఇరవై ఏళ్లు వెంట ఉండి చూడాలి.

2013లో బ్రిటన్‌లో ఇంకో అధ్యయనం వచ్చింది. అధిక రక్తస్రావంతో బాధపడే 571 మందిలో కొందరికి మాత్రలు, కొందరికి హార్మోను లూప్ ఇచ్చారు. రెండిటివల్లా మేలే జరిగింది, లూప్‌తో ఎక్కువ. రెండేళ్లయినా రెండు జట్లలోనూ ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం పడలేదు. నాకు నచ్చింది వాళ్లు ఫలితాన్ని కొలిచిన పద్ధతి. ఎంత రక్తం పోయిందని కాదు, దానివల్ల నీ పనికీ, ఇంటికీ, మనసుకీ, నలుగురిలో తిరగడానికీ ఎంత ఇబ్బందని ఆడవాళ్లనే అడిగారు.

ఆ ప్రశ్నలు మొవ్వకు తెస్తే? ఊడ్పుల్లో పొద్దున్నించీ బురదలో వంగే ఉండాలి. గట్టు మీద చాటు లేదు, గుడ్డ మార్చుకునే చోటు లేదు. మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. ముఠాలో తన బదులు ఇంకొకరు చేరితే ఆ సీజనే పోతుంది. ఆమె లెక్క వేసుకునే అడిగింది. ఆమెది అజ్ఞానమనడం నాకు చేతకాదు. ఆ లెక్కలో మాత్రల అంకె లేదు, లూప్ అంకె లేదు, అండాశయాల మాటే లేదు. వేలిముద్ర మాత్రం ఉంది, పక్కన మొగుడి సంతకమూ ఉంది. వేరే దారి ఉందని చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలును ఎంపిక అనగలమా? నేను ఊరుకోవడం ఆమె హక్కును గౌరవించడమనుకున్నాను. తెలిసినదాన్ని చెప్పకపోవడం కూడా అదే.

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. కానీ పర్యవేక్షణ ఆసుపత్రి తలుపు దాకే. గట్టు మీద చాటు ఎవరి పద్దులోకి వస్తుంది?

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇదంతా ఆమెకు చెప్పాను, ఆరేళ్లు ఆలస్యంగా. కోప్పడుతుందనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అరుగు చివర కూచున్న కూతుర్ని చూపించి, “దీనికీ అట్టాగే అవుతుందమ్మాయ్. ఆ లూపేదో ఎక్కడేత్తారు, ఎంతవుద్ది?” అంది.