బాంబు ఎవరు వేశారు?

నా విద్యార్థి ఒకడు వైమానిక దళంలో పైలట్ కాదలచుకున్నాడు. అందుకు కావలసిన కాగితాలలో ప్రవర్తన ధ్రువపత్రం ఒకటి. దాని మీద నా సంతకం కోసం వచ్చాడు. మా కాలేజీ హైదరాబాదుకు ఉత్తరాన ఉంది. దుండిగల్ అకాడమీ శిక్షణ విమానాలు మా మీదుగా పోతుంటాయి. ఆ చప్పుడు తగ్గేదాకా నేను పాఠం ఆపుతాను. బహుశా ఆ విరామాలలోనే వాడికి ఈ కోరిక పుట్టి ఉంటుంది.

వాడితో పాటు మరి నలుగురు వచ్చారు. సంతకం సంగతి పక్కకు పోయి ప్రశ్నలు మొదలైనాయి. “యుద్ధవిమానంలో ఉన్నవాడికి కింద మనుషులు కనబడతారా సార్?” “బాంబు పైలటే వేస్తాడా?” “ఎక్కడ వెయ్యాలో ఎవరు చెబుతారు?” “వెయ్యనంటే?”

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి ఇవి అడగటమేమిటని అప్పటికి తప్పించుకున్నాను. సంతకం కూడా వాయిదా వేశాను. తరవాత కొంత చదివాను. ఈ ప్రశ్నలలో ప్రతిదానికీ సాంకేతికమైన జవాబు ఒకటుంది, నైతికమైన జవాబు మరొకటుంది. మొదటిది చెప్పి రెండోదాన్ని ఎగవెయ్యటం చాలా సులభం. ఇందుకు హిరోషిమాయే నిదర్శనం.

1945 ఆగస్టు 6న తెల్లవారకముందే పసిఫిక్‌లోని టినియన్ దీవి నుంచి ఒక బి-29 విమానం బయలుదేరింది. అందులో 12 మంది ఉన్నారు. పైలట్ కర్నల్ పాల్ టిబెట్స్. విమానానికి అతను తన తల్లి పేరు పెట్టుకున్నాడు. దారి చూపటం ఒకరి పని. గాలిలో ఉండగా బాంబును పేలుడుకు సిద్ధం చెయ్యటం మరొకరి పని. రాడార్ ఇంకొకరిది. ముందుగా వెళ్లిన మరో విమానం నుంచి క్లాడ్ ఈథర్లీ అనే పైలట్ హిరోషిమా మీద మబ్బులు తక్కువగా ఉన్నాయని కబురు పంపాడు.

బాంబు పైలటే వేస్తాడా? హిరోషిమాలో పైలట్ వెయ్యలేదు. ఆ విమానంలో గురిచూసే పని థామస్ ఫెరిబీది. అతని ముందు నార్డెన్ అనే గురియంత్రం ఉంది. విమానం వేగం, ఎత్తు, గాలి వాలు దానికి అందిస్తే అది లెక్క కడుతుంది. ఆ యంత్రాన్ని విమానాన్ని నడిపే యంత్రంతో కలుపుతారు. గురికి చేరే చివరి కొద్ది నిమిషాలలో విమానాన్ని నడిపేది పైలట్ చేతులు కావు, గురిచూసేవాడి సర్దుబాట్లు. లెక్క కుదిరిన క్షణాన బాంబును వదిలేది కూడా ఆ యంత్రమే. 8 గంటల 15 నిమిషాలకు, సుమారు 31,000 అడుగుల ఎత్తునుంచి, బాంబు జారింది. ముప్పావు నిమిషం లోపే పేలింది.

గురిగా పెట్టుకున్నది ఐయోయ్ వంతెన. పైనుంచి చూస్తే అది ఇంగ్లీషు ‘టి’ అక్షరంలా ఉంటుంది గనక సులువుగా గుర్తుపట్టవచ్చునని దాన్ని ఎంచుకున్నారు. బాంబు కొంచెం తప్పి షిమా ఆసుపత్రి మీద పేలింది. 1945 చివరికి సుమారు 1,40,000 మంది చనిపోయారని ఆ నగరం వేసుకున్న అంచనా.

ఇక చెప్పండి, బాంబు ఎవరు వేశారు? టిబెట్స్ విమానం నడిపాడు. ఫెరిబీ వంతెన చూశాడు. ఈథర్లీ వాతావరణం చెప్పాడు. వదిలింది యంత్రం. ఆజ్ఞాపించినవాళ్లు వేల మైళ్ల దూరాన బల్లల ముందు కూర్చున్నారు. ప్రతివాడూ తన పని మాత్రమే చేశాడు. మనుషులను చంపటమనే పని మాత్రం ఎవరి పద్దులోనూ కనిపించదు.

ఇది యాదృచ్ఛికం కాదు. ఫ్యాక్టరీలో కార్మికుడు బోల్టు బిగిస్తాడు, పూర్తి అయిన సరుకు అతనిది కాదు. పెట్టుబడి చేసిన ఆ శ్రమవిభజననే సామ్రాజ్యవాదం యుద్ధంలోకి తెచ్చింది. అక్కడ సరుకు మరణం. పని ఎంత సన్నని ముక్కలైతే మనస్సాక్షి మీద పడే బరువు అంత తేలిక అవుతుంది. కాని ముక్కలైంది పని మాత్రమే, బాధ్యత కాదు. పన్నెండుగురు కలిసి మోసిన బరువులో పన్నెండో వంతే నాదని కూలివాడు అనవచ్చు. పన్నెండుగురు కలిసి చేసిన హత్యలో పన్నెండో వంతు హంతకుడు ఉండడు.

టిబెట్స్ 2007లో చనిపోయేదాకా తనకు పశ్చాత్తాపం లేదనే చెప్పాడు. మబ్బుల సంగతి మాత్రమే చెప్పిన ఈథర్లీ తరవాత మానసిక చికిత్సాలయాలలో చాలాకాలం గడిపాడు. తత్వవేత్త గుంతర్ ఆండర్స్‌తో అతను జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు పుస్తకంగా వచ్చాయి. అతని పశ్చాత్తాపం ఎంతవరకు నిజమని వాదించినవారూ ఉన్నారు. ఆ తగవు తీర్చటం నా పని కాదు. చిన్న ముక్క చేసినవాడికి కూడా మొత్తం పని తనదేననిపించవచ్చునన్నది మాత్రం గమనించదగిన విషయం.

“కనబడి ఉంటే వేసేవాళ్లు కారు” అని కొందరు మంచివాళ్లు అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాని ఈ శతాబ్దంలో డ్రోన్లు వచ్చాయి. నెవాడా ఎడారిలో ఒక గదిలో కూర్చుని భూగోళానికి అవతల ఎగిరే డ్రోన్‌ను నడిపేవారు కింది మనుషులను తెర మీద గంటల తరబడి చూస్తారు. ఎవరు ఏ గుమ్మంలోకి వెళ్లారో చూస్తారు. ఆ తరవాత క్షిపణి వదులుతారు. కాబట్టి ఎత్తును మాత్రమే నిందించి లాభం లేదు. కళ్లు చాలవు. చూసినదానికి నేను జవాబుదారీనని అనుకునే మనిషి ఆ కళ్ల వెనక ఉండాలి.

అలాంటి మనిషి ఒకడు ఉన్నాడు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో అమెరికన్ సైనికులు ఊరివాళ్లను చంపుతుండగా హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ పైలట్ పైనుంచి చూశాడు. శత్రువు ఎక్కడున్నాడో కనిపెట్టటమే అతనికి అప్పగించిన పని. అంతవరకే చేసి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. సైనికులకూ గ్రామస్థులకూ మధ్య హెలికాప్టర్ దించాడు. మనవాళ్లు వీళ్ల మీద కాలిస్తే మీరు మనవాళ్ల మీద కాల్చండని తన ఇద్దరు సహచరులకు చెప్పాడు. వాళ్లు ఒక కందకంలో శవాల మధ్యనుంచి ఒక పసివాణ్ణి పైకి తీశారు. స్వదేశంలో చాలామంది అతన్ని ద్రోహి అన్నారు. అతను చేసిన పనిని ఉన్నదున్నట్టుగా గుర్తించి ప్రభుత్వం పతకం ఇవ్వటానికి 30 ఏళ్లు పట్టింది.

మన మిత్రులు ఒక ఆక్షేపణ చెబుతారు: “నేరం వ్యవస్థది. పైలట్ జీతగాడు. వాణ్ణి నిలదీస్తే అసలు దోషులు తప్పించుకుంటారు.” ఇందులో సగం నిజముంది. పైలట్‌ను మాత్రమే బోనెక్కించటం పాలకులకు ఎప్పుడూ ఇష్టమే. కాని వ్యవస్థకు చేతులు లేవు. మన చేతులే దాని చేతులు. పై అధికారి ఆజ్ఞ అన్నంత మాత్రాన, నైతికంగా మరో దారి నిజంగా ఉన్నప్పుడు, బాధ్యత పోదని 1950లో రూపొందిన న్యూరెంబర్గ్ సూత్రాలు చెబుతున్నాయి. వ్యవస్థను మార్చాలనే మనం, మనిషికి మార్చే శక్తి ఉందని నమ్ముతున్నాం గదా. ఆ శక్తి ఉన్నవాడికి బాధ్యత లేదనటం ఎలా కుదురుతుంది?

ఇదంతా అమెరికావాళ్ల గొడవ అని చేతులు దులుపుకోటానికీ లేదు. 1966 మార్చిలో ఐజ్వాల్ పట్టణం మీద దాడిచేసినవి మన వైమానిక దళం విమానాలే. కింద ఉన్నవారు మన పౌరులే.

ఆ కుర్రవాడు మళ్లీ వచ్చాడు. వాడి తండ్రి మేస్త్రీ. ఆ ఉద్యోగం ఆ ఇంటికి ఏమిటో నాకు తెలుసు. మన దేశానికి రక్షణ అక్కర్లేదని చెప్పేంత అమాయకుణ్ణీ కాను. చదివినదంతా వాడికి చెప్పాను. మన 1950 నాటి వైమానిక దళ చట్టం ఆజ్ఞ ధిక్కరణను శిక్షించే చోట ‘చట్టబద్ధమైన ఆజ్ఞ’ అనే మాట వాడిందని చూపాను. ఆ విశేషణాన్ని మరిచిపోవద్దన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. “కింద మనుషులు కనబడతారా అని మొదట అడిగింది నేనే సార్” అన్నాడు.

సంతకం పెట్టాను. పెడుతుండగా ఒక సంగతి తట్టింది. నా సంతకం కూడా ఆ పన్నెండు పనులలో ఒకటి వంటిదే. నేను కాగితమే చూశానని రేపు నేను అనటానికి వీల్లేదు. అందుకే, ఎక్కడ ఉన్నా ఉత్తరం రాస్తుండమని వాడికి చెప్పాను. వాడు ఏమడిగినా జవాబు రాయవలసిన బాధ్యత ఇప్పుడు నాది.